నెవా కట్టిన చీటీ

"ఉన్నదున్నట్టు కొట్టు ఆర్డిస్. నీ పిల్లల కాపీ పుస్తకం కాదు దిద్దడానికి," అన్నాడు మా ఆయన మైలో, నాలుగు కాగితాలు నా టైపు మిషన్ పక్కన పెట్టి.

జూన్ మొదటి ఆదివారం. చర్చి నుంచి వచ్చి, భోజనాలయ్యాక గిన్నెలు కడిగి, బల్ల మీది రొట్టె పొడి తుడిచి, దాని మీదే మిషన్ పెట్టుకున్నాను. ఆ ఇంట్లో నాకు వేరే బల్ల లేదు. నాలుగో తరగతి పిల్లల లెక్కలు దిద్దడం, పన్నుల కాగితాలు నింపడం, ఐరిస్ పూల దుంపలు కావాలని రాసేవాళ్ళకు జవాబులివ్వడం అన్నీ ఈ భోజనాల బల్ల మీదే. మళ్ళీ వడ్డించే వేళకు అన్నీ తీసేయాలి. మైలోకి మాత్రం ముందుగదిలో మూత దించుకునే బల్ల ఉంది. దాని సొరుగుల్లో చేపల గాలాలు ఉంటాయి.

ఏటా జూన్‌లో మా తోట జాబితా వేస్తాను. అప్పటికి పూలు అయిపోతాయి. జూలైలో దుంపలు తవ్వాలి, ఆగస్టులో పోస్టులో పంపాలి. ఆలోగా కొనేవాళ్ళకు జాబితా అందాలి. స్టెన్సిల్ మీద టైపు చేసుకుని, బడిలో ఉన్న సైక్లోస్టైల్ యంత్రం మీద మూడు వందల కాపీలు తీసుకుంటాను. అందుకు సూపరింటెండెంట్‌గారు ఒప్పుకున్నారు. బదులుగా పెద్ద తరగతి పిల్లలకు పట్టాలిచ్చే రోజున వేదిక నిండా మా పూలు పెడతాను. పోయిన నెల కూడా ఆయన మైకు ముందు నిలబడి, ఇంత అందమైన పూలిచ్చిన మైలో హ్రూబీగారికి అందరి తరఫునా కృతజ్ఞతలు అన్నారు. పొద్దున్నే ఆ కాడలు కోసి, బకెట్లలో నిలబెట్టి, కారులో నాలుగు విడతలుగా తెచ్చిన నేను మూడో వరసలో కూర్చుని అందరితోపాటు చప్పట్లు కొట్టాను.

జాబితాలో తొంభై రెండు రకాలున్నాయి. ముందు పువ్వు పేరు, పక్కన దాన్ని పుట్టించినవారి పేరు, తర్వాత రంగు, ధర. పాతవి దుంప డాలరు. మూడు కాగితాలూ ఆగకుండా కొట్టేశాను. అవి పోయిన ఏడు నేను రాసినవే. నాలుగో కాగితం మీద మైలో పెద్ద పెద్ద అక్షరాలతో ఇలా రాశాడు: "ఈ ఏటి కొత్త మొక్క. ఆల్బీనా హ్రూబీ. పుట్టించినవారు మైలో హ్రూబీ. పాలల్లో సిరా చుక్క పడ్డట్టు లేత నీలం, గడ్డం కొసన నారింజ రంగు. దుంప ఇరవై అయిదు డాలర్లు." గడ్డమంటే కింది రెబ్బల మీద ఉండే నూగు. దాని కింద తల్లిమొక్క పేరు, తండ్రిమొక్క పేరు ఉన్నాయి.

ఆల్బీనా మా అత్తగారు.

నా కళ్ళు ముందు ఆ చివరి వరస మీద ఆగాయి. అలవాటు అలాంటిది. తండ్రిమొక్కను ముందు రాశాడు. ఐరిస్ పెంచేవాళ్ళెవరూ అలా రాయరు. కాయ కాసిన మొక్క పేరు ముందు రావాలి, పుప్పొడి ఇచ్చినదాని పేరు తర్వాత. మా మడుల్లో తల్లి పేరే ముందు. అది తప్పని వేలు పెట్టాక గాని, పై వరసలో ఉన్నది ఏ పువ్వో నాకు తెలిసిరాలేదు. పాలల్లో సిరా చుక్క అన్న మాట నాది. నా నోటు పుస్తకంలోంచి తీసి రాసుకున్నాడు. అటువంటి పువ్వు మా తోటలో ఒక్కటే ఉంది. బట్టలారేసే తీగకు అవతల మడిలో, ఎన్-1 అని రాసిన పుల్ల దగ్గర.

మైలో ముందుగదిలోకి వెళ్ళి రేడియో పెట్టుకున్నాడు. నేను టైపు మిషన్ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాను.

మా ఐరిస్ సంఘంలో ఒక నియమం ఉంది. ఒక పువ్వుకు నమోదు చేయించిన పేరు ప్రపంచంలో ఇంకే ఐరిస్‌కూ పెట్టకూడదు. ఆ పువ్వుకు ఇంకో పేరూ పెట్టకూడదు. అయితే ఒక సందు ఉంచారు. ధర వేసిన జాబితా అచ్చయి పోస్టులో పడేదాకా మనసు మార్చుకోవచ్చు. పడ్డాక ఇక ఎవరివల్లా కాదు. తోటకొచ్చేవాళ్ళకు ఈ సంగతి ఎక్కాలు చెప్పినట్టు ఎన్నిసార్లు చెప్పానో. ఇప్పుడా సందు నా వేళ్ళ కింద ఉంది. ఈ మూడు వరసలూ కొట్టి, రేపు బడిలో కాపీలు తీసి, మంగళవారం పోస్టులో వేస్తే, నెవా చేసిన పువ్వు ఎప్పటికీ ఆల్బీనా హ్రూబీయే.

నెవా మా అమ్మాయి.

నెవా కడుపులో ఉన్నప్పుడు, అయిదో నెలలో, గౌను మీద తెలుస్తోందని బడి బోర్డు నన్ను మానేయమంది. పిల్లలు చూడకూడదట. ఆ వేసవిలో ఊరికే కూర్చోలేక, పక్కింటి ముసలావిడ పారేయబోయిన ఐరిస్ దుంపలు గోనెసంచీడు తెచ్చి వెనక పెరట్లో పాతాను. అవి బతికాయి. నేను మళ్ళీ బడిలో చేరినప్పుడు నాకు కొత్తగా చేరినవాళ్ళ జీతమిచ్చారు. దుంపలు అమ్మగా వచ్చిన డబ్బు ఆ తేడాను కొంత పూడ్చేది. మధ్యలో ఎర్రటి పండ్ల గుజ్జు పెట్టిన కొలాచీ రొట్టెల పళ్ళెం పట్టుకుని ప్రతి ఆదివారం వచ్చే మా అత్తగారు మాత్రం పెరటి గుమ్మంలో నిలబడి ఒకే మాట అడిగేది. "ఏమ్మాయ్, ఉల్లిగడ్డలకు నీళ్ళు పోశావు సరే, మావాడికి కాఫీ పోశావా?" మైలో నవ్వేవాడు. అందులో బాధపడాల్సిందేముందని నేనూ నవ్వేదాన్ని. ఉల్లిగడ్డల పిల్ల అని నెవాకు కూడా పేరు పెట్టిందావిడ. నెవా దానికి కోపం తెచ్చుకోలేదు. "నాన్నమ్మా, ఉల్లిగడ్డ అయితే ఏడిపిస్తుంది. ఇవి ఏడిపించవుగా," అనేది.

నెవాకు పదిహేనేళ్ళప్పుడు, మే నెలలో, మొదటిసారి తనంతట తను పుప్పొడి అంటించింది. నా కనుబొమల పట్టకారు అడిగి తీసుకుంది. ఒక నీలం పువ్వు రెబ్బ విరిచి, లోపల పుప్పొడి అంటుకునే సన్నని పెదవిలాంటి చోట తెల్ల పువ్వు పుప్పొడి పూయబోతుంటే ఒక తేనెటీగ వచ్చి అదే పువ్వులో దూరబోయింది. "వరసలో నిలబడవమ్మా, మేం ముందొచ్చాం," అంది దాంతో. మా బడిలో మధ్యాహ్నం పాల సీసాల దగ్గర నేను పిల్లలతో అనే మాట అది, అచ్చం నా గొంతుతో. నాకు నవ్వాగలేదు. మడి గట్టు మీద కూర్చుండిపోయి కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాను. నెవా నన్ను కాసేపు చూసి, "ఇంట్లో ఇలా నవ్వవేం?" అని అడిగింది. జవాబు కోసం ఆగలేదు. మోకాలి మీద అట్టముక్క పెట్టుకుని చీటీ రాసి, దారంతో కాడకు కట్టింది. తల్లిమొక్క పేరు ముందు రాస్తూ, "బళ్ళో ఏ కాగితం ఇచ్చినా నాన్న పేరే ముందు అడుగుతారు. నీ పేరు ముందు రాసేది ఈ పూల దగ్గరే," అంది. నేను మొక్కను కాదుగా అన్నాను. "అదే కదా," అంది.

ఆ కాయ పండింది. మరుసటి ఏడు వసంతంలో గింజలు మొలిచాయి. జూన్‌లో బట్టల తీగకు అవతల నలభై ఒక్క మొక్కలు నెవా తన చేత్తో నాటింది. అవి పూయడానికి ఇంకో ఏడాది పడుతుంది. ఆగస్టులో తను పోయింది.

ఆ రోజు పదకొండు దుంపల పెట్టెలు పోస్టు చేయాలి. పోస్టాఫీసు ఆరు మైళ్ళ అవతల, అయిదింటికి మూసేస్తారు. నేనే వెళ్ళేదాన్ని. కానీ ఆ సాయంత్రం అత్తగారు భోజనానికొస్తున్నారు. పొయ్యిలో బాతు ఉంది, పులిసిన క్యాబేజీ వండాలి. ఇంట్లో వెళ్ళగలిగినవాళ్ళు ఇంకొకరుండేవారు. మైలో వసారాలో పేపరు చదువుకుంటున్నాడు. అతన్ని అడగాలని నాకు తోచలేదు. దాన్ని గురించి ఏడేళ్ళుగా ఆలోచిస్తున్నాను. అడిగితే కాదనేవాడు కాదేమో. అడగడమనేదే మా ఇంట్లో లేదు. వంట నాది, తోట నాది, తోట పనుల్లో నాకు సాయం నెవాది. అలా ఉండేది. పెట్టెలు కారులో పెట్టుకుని నెవా వెళ్ళింది. కంకర రోడ్డు మీద మధ్యాహ్నం వాన పడింది. మలుపులో కారు జారి కాలవలోకి ఒరిగిందని షెరీఫ్ వచ్చి చెప్పాడు. బాతు మాడిన వాసన వస్తుంటే పొయ్యి కట్టేసింది నేనే.

మూడో రోజున, నెవాను సమాధి చేసి వచ్చాక, చర్చి కింది గదిలో భోజనాలప్పుడు, మా అత్తగారు ఎదురుగా ఉన్నావిడతో అంది. నెమ్మదిగానే అంది. "ఆ ఉల్లిగడ్డల పెట్టెలు లేకపోతే పిల్ల ఇంట్లోనే ఉండేది." నేను పక్కన నిలబడి పళ్ళెంలో రొట్టెలు సర్దుతున్నాను. మైలో నా పక్కన కాఫీలో చెంచా తిప్పుతున్నాడు. వినబడనంత దూరం కాదు. అతను తలెత్తలేదు. చెంచా మాత్రం తిప్పుతూనే ఉన్నాడు, చక్కెర ఎప్పుడో కరిగిపోయినా.

ఆ పెట్టెలు షెరీఫ్ మనిషి తెచ్చి వసారాలో పెట్టాడు. తొమ్మిది బాగానే ఉన్నాయి. రెండు చితికాయి. భోజనాలకు వచ్చినవాళ్ళు వెళ్ళిపోయాక, మర్నాడు, ఆ రెండూ మళ్ళీ కట్టి, పదకొండూ నేనే తీసుకెళ్ళి పోస్టు చేశాను. డబ్బు కట్టినవాళ్ళవి. తవ్విన దుంప ఎవరి కోసమూ ఆగదు. ఏం తల్లి అని ఊళ్ళో అనుకున్నట్టు తర్వాత తెలిసింది. సెప్టెంబరులో అయోవా నుంచి ఒకావిడ రాసింది, తనకొచ్చిన దుంప ఒక పక్క నలిగి ఉందని, ఇన్నేళ్ళలో మా తోట నుంచి ఇలా ఎప్పుడూ రాలేదని. క్షమించమని రాసి, ఇంకో దుంప పంపాను. కారణం రాయలేదు. ఎలా రాయాలో నాకు తెలియలేదు. వాక్యం ఎలా మొదలుపెట్టాలో పిల్లలకు నేర్పేదాన్ని నేనే.

నెవా మొక్కలు తర్వాతి మే నెలలో పూశాయి. ఆగస్టు నుంచి మే, తొమ్మిది నెలలు. నేను నెలలు లెక్కపెట్టలేదు. ఆ లెక్క దానంతటదే తెలిసింది. నలభై ఒక్కటిలో నలభై మామూలు పూలు. రెబ్బలు నీళ్ళోడుతున్నట్టు వేలాడేవి, మట్టి రంగువి. ఒక్కటి మాత్రం, మూడు రెబ్బలు దోసిలిలా పైకి నిలబడి, మూడు కిందికి పరుచుకుని, పాలల్లో సిరా చుక్క పడ్డట్టు లేత నీలంతో నిలబడి ఉంది. మంచిదొకటి దొరికితే తక్కినవి పీకి కుప్పలో వేయడం మా పద్ధతి. చోటు చాలదు కాబట్టి ఎవరైనా అంతే. నేను నలభై ఒక్కటీ ఉంచాను. ఆరేళ్ళు కలుపు తీశాను. ఎన్-1 అని పుల్ల పాతిన ఆ ఒక్కదానికి మాత్రం ఏటా పిలకలు వేరుచేసి నాటుతూ, యాభై దుంపల దాకా చేశాను. మైలో ఆ మడి దగ్గరికి వచ్చేవాడు కాదు. బట్టలు తీయడానికి కూడా వచ్చేవాడు కాదు. అయితే బట్టలు తీయడం ఎప్పుడూ అతని పని కాదు కాబట్టి, అది దుఃఖమో అలవాటో నాకు తెలిసేది కాదు.

మూడేళ్ళ కిందట మైలో గుమాస్తాగా ఉన్న ధాన్యం గోదాము చేతులు మారింది. అతని ఉద్యోగం పోయింది. రెండు నెలలు ముందుగదిలోంచి కదల్లేదు. తర్వాత ఒకరోజు రోడ్డు పక్కన బోర్డు పాతాడు. "హ్రూబీ ఐరిస్ తోట. యజమాని మైలో హ్రూబీ." అతనికి చేయడానికి ఏదో దొరికిందని నేను సంతోషించిన మాట నిజం. పూల కాలంలో వచ్చేవాళ్ళు, మోకాళ్ళ దాకా మట్టితో ఉన్న నన్ను దాటి వెళ్ళి, "మీవారు లేరా? పూల గురించి అడగాలి," అనడం మొదలయింది. పోయిన ఏడు మే నెలలో లింకన్ నుంచి సంఘం తరఫున టాలివర్ అనే న్యాయనిర్ణేత వచ్చాడు. ఎన్-1 ముందు మట్టిలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కాడకు ఎన్ని మొగ్గలు మైలో అని అడిగాడు. మైలో నా వంక చూశాడు. ఎనిమిది అన్నాను. చలికి తట్టుకుంటుందా మైలో. మైలో మళ్ళీ నా వంక చూశాడు. ఆరు చలికాలాలు తట్టుకుందన్నాను. ఎంతకాలంగా పెంచుతున్నావు మైలో. అలా తొమ్మిది ప్రశ్నలకు తొమ్మిది జవాబులు నేనే చెప్పాను. అతను రాసుకుని లేచి, "చాలా బాగా పెంచావు మైలో," అని చెయ్యి కలిపాడు. ఫారం పంపుతాననీ, తప్పకుండా నమోదు చేయించమనీ చెప్పాడు. పోతూ పోతూ మిగతా నలభై మొక్కలు చూసి, ఈ చెత్తంతా ఎందుకుంచారని అడిగాడు. ఆ వారంలోనే, నేను బడిలో ఉన్నప్పుడు, మైలో ఆ నలభై పీకి కుప్పలో వేశాడు. నేను వచ్చేసరికి మట్టి చదును చేసి ఉంది. పద్ధతి ప్రకారం అతను చేసింది సరైనదే. నేను బట్టలు తీసుకుని లోపలికి వచ్చేశాను.

ఫారం వచ్చిందని అతను చెప్పలేదు. అడిగి ఉండాల్సింది. అడిగితే పేరు చెప్పాలి. చెప్పాలంటే ఆ చీటీ బయటికి తీయాలి. నేను అంత ధైర్యం చేయలేకపోయాను. ఇందులో నా తప్పు ఎంత ఉందో అంతా ఒప్పుకుంటాను.

రేడియోలో బేస్‌బాల్ ఆట వస్తోంది. నేను లేచి, సామాన్ల గదిలో పై అరలో ఉన్న గింజల డబ్బా దించాను. అందులో చీటీ ఉంది. పుప్పొడి అంటించిన ఏడు సెప్టెంబరులో, కాయ కోసినప్పుడు నెవా తనే విప్పి దాచింది. తీసుకొచ్చి టైపు మిషన్ మీద పెట్టాను. తర్వాత మైలోని పిలిచాను.

గుమ్మం దగ్గర నిలబడ్డాడు. "అయిందా?"

"ఇది ఎప్పుడు పంపావు?"

"జనవరిలో. నీకు బడి పని ఎక్కువగా ఉండింది. నీకెందుకు శ్రమ అని నేనే నింపాను."

ముప్పై ఏళ్ళలో నా శ్రమ తగ్గించడానికి అతను చేసిన పని అదొక్కటే.

"మీ అమ్మ పేరు పెట్టావు."

"తొంభై ఒకటి ఆవిడకి, ఆర్డిస్. ఇంకెన్నాళ్ళుంటుంది? సంతోషిస్తుందనుకున్నా."

"చెప్పావా?"

"చెప్పా." అతని పెదవుల మీద నవ్వులాంటిది వచ్చి ఆగింది. "ఉల్లిగడ్డకా నా పేరు, అంది."

నాకూ నవ్వొచ్చేదే, ఇంకో రోజయితే. "పుట్టించినవారు అన్నచోట నీ పేరు రాశావు," అన్నాను. "దాన్ని పుట్టించింది నెవా, మైలో."

ఆ పేరు ఆ వంటింట్లో మేమిద్దరం ఒకరి ముందొకరు పలికి చాలాకాలమైంది. అతను తలుపు గుబ్బ పట్టుకున్నాడు.

"నాకు తెలుసు," అన్నాడు.

తెలియదనుకున్నాను నేను. తెలియక రాశాడనుకుంటే కొంత తేలికగా ఉండేది. అతను ముందుగదిలోకి వెళ్ళాడు. రేడియో ఆగింది. సొరుగు లాగిన చప్పుడు, గాలాలు కదిలిన చప్పుడు వినబడ్డాయి. నాలుగు మడతల కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. అదీ ఆ ఫారమే. పువ్వు పేరు ఖాళీగా ఉంది. పుట్టించినవారి పేరు అన్నచోట, పెద్ద పెద్ద అక్షరాలతో, నెవా హ్రూబీ అని ఉంది. ఆ తర్వాత ఏమీ రాయలేదు.

"ముందు ఇదే రాశా," అన్నాడు. "పక్కన చూడు."

పేరు పక్కన చిన్న గడి ఉంది. మరణించినచో ఇక్కడ గుర్తు పెట్టండి అని ఉంది.

"రెండు రోజులు పెట్టుకుని కూర్చున్నా. చెయ్యి రాలేదు. ఇంకోటి తెప్పించుకున్నా. అందులో నా పేరు రాస్తే ఆ గడి అక్కర్లేదుగా."

నేను చాలాసేపు ఆ గడి వంక చూశాను. గోరంత కూడా లేదు. ఏడేళ్ళలో మైలో ఏడుస్తుండగా నేను చూడలేదు. ఇప్పుడూ ఏడవడం లేదు. కానీ ఆ రెండు రోజులూ అతను ఆ మూత బల్ల ముందు ఎలా కూర్చుని ఉంటాడో నాకు కనబడింది. అప్పుడు నేను గోడకు ఇవతల ఇదే కుర్చీలో లెక్కలు దిద్దుతూ ఉండి ఉంటాను. నాకు జాలి కలిగింది. ఆ జాలితో లేచి అతని దగ్గరికి వెళ్ళబోయాను. ఎన్నోసార్లు అలాగే వెళ్ళాను. వెళ్ళి, పోనీలే అని, అతనికి కాఫీ కలిపి, ఆ మూడు వరసలూ ఉన్నదున్నట్టు కొట్టేసి ఉండేదాన్ని. ఈసారి కాళ్ళు కదల్లేదు. నెవా పేరు పక్కన గుర్తు పెట్టడానికి రాని చెయ్యి, ఆ పేరు తీసేసి తన పేరు రాసుకోవడానికి వచ్చింది కదా అనుకున్నాను.

"ఆ రోజు చర్చిలో మీ అమ్మ ఆ మాట అన్నప్పుడు నీకు నోరూ రాలేదు," అన్నాను.

ఏ మాట అని అడుగుతాడేమో అనుకున్నాను. అడగలేదు.

"కాఫీ కలుపుతున్నావు."

"గుర్తుంది," అన్నాడు. తర్వాత, నేల వంక చూస్తూ, "ఆ రోజు పేపరు చదువుకుంటూ కూర్చున్నా. పోస్టుకి నేనైనా వెళ్ళొచ్చు. నీ నోట ఎప్పుడొస్తుందా ఆ మాట అని చూశా. ఇన్నేళ్ళూ నువ్వనలేదు," అన్నాడు.

నేను చీటీ అతని వైపు జరిపాను. పెన్సిలు రాత, కొంచెం వెలిసింది. ముందు తల్లిమొక్క, తర్వాత తండ్రిమొక్క. తిప్పి చూడమన్నాను. వెనకవైపు నెవా ఇలా రాసింది: "ఇందులో ఒక్కటైనా బాగుంటే దాని పేరు అమ్మ నవ్వింది."

మైలో దాన్ని చదివి, కిటికీ వెలుతురుకు తీసుకెళ్ళి మళ్ళీ చదివాడు.

"పేరు పెట్టిందని నువ్వు చెప్పలేదే."

"నువ్వు అడగలేదు."

"ఎప్పుడు నవ్వావు?" అని అడిగాడు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. తేనెటీగ సంగతి చెప్పాను. పాల సీసాల దగ్గర నేను పిల్లలతో అనే మాట అతనెప్పుడూ వినలేదు. అందుకని అది కూడా చెప్పాల్సి వచ్చింది. విడమరిచి చెప్తే అందులో నవ్వు ఏమీ మిగల్లేదు. అతను తలూపాడు.

స్టెన్సిల్ మీద నాలుగో కాగితం ఇంకా మొదలుపెట్టలేదు కాబట్టి దిద్దాల్సింది ఏమీ లేదు. పువ్వు పేరు కొట్టాను. నెవా పేరు కొట్టాను. రంగు, ధర అతను రాసినట్టే ఉంచాను. ఇరవై అయిదు డాలర్లు ఎక్కువేమీ కాదు. చివరి వరసలో తల్లిని ముందుకు తెచ్చాను. మైలో ఎదురు కుర్చీలో కూర్చుని వింటున్నాడు. ఆ మిషన్ చప్పుడు దగ్గర అతను కూర్చోవడం అదే మొదటిసారి.

"అమ్మకేం చెప్పను?" అన్నాడు.

"తన పేరు ఉల్లిగడ్డకి పెట్టడం మానేశామని చెప్పు."

తర్వాత ఆ పాత ఫారం తీసుకుని ఖాళీలు నింపాను. కాడ ఎత్తు, మొగ్గలు, మొదట పూసిన ఏడాది. తెలిసిన జవాబులే. సంఘానికి నాలుగు వాక్యాల ఉత్తరం రాశాను. జాబితా ఇంకా పోస్టులో పడలేదనీ, ముందు పంపిన పేరు రద్దు చేసి, ఈ ఫారం ప్రకారం నమోదు చేయమనీ. మునుపటి ఫారం అతను పంపాడు కాబట్టి సంతకం అతనిదే కావాలి. కలం, కాగితం అతని వైపు జరిపాను. పన్నుల కాగితాలు, బ్యాంకు కాగితాలు, చర్చి చందా కాగితాలు ముప్పై ఏళ్ళుగా నేనే నింపి ఇస్తున్నాను. నేను వేలు పెట్టి చూపించినచోట చూడకుండా సంతకం పెట్టేవాడు. ఆ రోజు మొదటి నుంచి చదివాడు. ఒక్కో వరసా చదివి సంతకం పెట్టాడు. పెట్టాక అతని చూపు నెవా పేరు దగ్గరికి, దాని పక్కన ఇంకా ఖాళీగా ఉన్న గడి దగ్గరికి వెళ్ళింది. కలం పట్టుకునే ఉన్నాడు. కొంచెంసేపు చూశాను. చెయ్యి కదల్లేదు.

కలం ఇటివ్వమన్నాను.

పిల్లల కాపీ పుస్తకాల్లో ఇన్నేళ్ళుగా సరైన జవాబు పక్కన నేను పెట్టే గుర్తే అది. ఆ గడిలో పెట్టాను.